మొదటి నీళ్లు కాళ్ల మీద

ఈరక్క ఏ బిడ్డకు నీళ్లు పోసినా మొదటి నీళ్లు బిడ్డ మీద పడవు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి లాక్కుని, రెండు కాళ్లూ బారజాపి, ముందు తన కాళ్ల మీదే పోసుకుంటుంది. కాసేపు ఆగుతుంది. కాళ్లు సరేనంటేనే బిడ్డను వాటి మీద పడుకోబెడుతుంది. అరసికెరె ఊళ్లో సగం మంది ఆ కాళ్ల మీద గుక్కపట్టి ఏడ్చినవాళ్లే. వాళ్లలో సుదీప్ ఒకడు. సోలార్ పార్కులో ఇన్వర్టర్లు చూసుకునే ఉద్యోగం వచ్చి, చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకుని తిరుగుతున్నా సరే, ఎదురుపడితే ఈరక్క వదిలిపెట్టేది కాదు.

"ఏమప్పా ఇంజినీరూ, నా కాళ్ల మీద నువ్వు చేసిన పనులు మీ ఆఫీసోళ్లకు చెప్పల్నా?" అనేది.

అతడు నవ్వి తప్పుకునేవాడు.

అలాంటి సుదీప్‌కు కూతురు పుట్టింది. భార్య నేత్రావతికి తల్లి లేదు. పుట్టింట్లో చూసేవాళ్లెవరూ లేక, పావగడ ఆసుపత్రి నుంచి నేరుగా అత్తింటికే వచ్చింది. సుదీప్ తల్లి బోరమ్మ ఆ సాయంత్రమే వెళ్లి ఈరక్కను పిలిచింది.

బాలింతకు, పసిబిడ్డకు నీళ్లంటే మామూలు మాట కాదు. బిందెలకు బిందెలు కావాలి. పూర్వం ఆ ఇంటి పెరట్లో నీళ్లు కాచే పెద్ద రాగి హండా ఉండేది, దాని కింద కంది కట్టె మండేది. చేను సోలార్ పార్కుకు బాడుగకు ఇచ్చాక కంది లేదు, కట్టే లేదు. కంది పండిన చోట నీలం పలకలు పరుచుకున్నాయి. హండా అటకెక్కింది. కొత్త ఇంటి బాత్రూంలో సుదీప్ గీజర్ పెట్టాడు. అది బాలింత స్నానానికి సగంలోనే చల్లబడిపోతుందని తెలిసి, వై.ఎన్.హొసకోటకు పోయి ఇంకొకటి తెచ్చాడు.

పైన ఉన్నది పెద్ద ట్యాంకు గీజర్. నీళ్లను నెమ్మదిగా కాచి నిల్వ ఉంచుతుంది. ఆ నీళ్లు బయటికి వచ్చే పైపు మీద చిన్న ఇన్‌స్టంట్ గీజర్. అది నిల్వ ఉంచదు, నీళ్లు పారుతుండగానే కాచేస్తుంది. పెద్దదాంట్లో వేడి అయిపోతే చిన్నది అందుకోవాలి. రెండూ ఒకేసారి కాలితే ఇంటి లైను తట్టుకోదు. అందుకని రెండింటి మధ్య సుదీప్ ఒక తెల్ల డబ్బా బిగించాడు. డబ్బాలోంచి వచ్చే సన్నటి వైరు చివర ఒక సెన్సర్ ఉంటుంది. దాన్ని పైపుకు ఆనించి టేపు చుట్టాడు. నీళ్లు వేడిగా ఉన్నంతసేపూ డబ్బా చిన్నదానికి కరెంటు ఇవ్వదు. చల్లబడ్డాయని సెన్సర్ చెబితే పెద్దదాన్ని ఆపి, చిన్నదాన్ని వెలిగిస్తుంది. అంతా అతడి చేతి పనే. గర్వపడ్డాడు. బాగా పనిచేసింది కాబట్టి గర్వపడటంలో తప్పు కూడా లేదు.

ఈరక్కకు నడుము నొప్పి. మాటిమాటికీ వంగి బకెట్లో ముంచే పని లేకుండా కుళాయికి షవర్ పైపు తగిలించాడు. ఎర్ర గుర్తున్న పిడి తిప్పితే వేడి నీళ్లు, నీలం గుర్తున్నది తిప్పితే చన్నీళ్లు. రెండూ కలిసి పైపులోంచి వస్తాయి. ఈరక్క మొదట మొహం చిట్లించింది. తర్వాత డబ్బా వైపు చూసింది.

"ఇది కూడా నా మాదిరే నీళ్లు చూసి పోస్తాదంటావా?"

"అవునవ్వా."

"దీనికి కాళ్లు యాడుండాయి మరి?"

నేత్రావతి పడీపడీ నవ్వింది. కుట్లు నొప్పి పెడుతున్నాయి నవ్వించొద్దవ్వా అని మళ్లీ నవ్వింది.

బిడ్డను ఉయ్యాల తొట్టిలో వేసి ఆశా అని పేరు పెట్టిన రోజు ఇల్లంతా చుట్టాలు. ఒకరి తర్వాత ఒకరు స్నానానికి దూరారు. పెద్ద ట్యాంకు ఖాళీ అవుతూ వచ్చింది. సుదీప్ డబ్బాకు ఒక అలవాటుంది. నీళ్లు నిజంగానే చల్లబడ్డాయని కాసేపు చూసి రూఢి చేసుకుంటే గానీ చిన్నదాన్ని వెలిగించదు. ఆ కాసేపట్లో మంగళవాడ నుంచి వచ్చిన మేనమామ పాపన్న తల నిండా సబ్బుతో చిక్కుకుపోయాడు.

"ఏందప్పా సుదీపా, కరెంటు పండించే ఊర్లో సన్నీళ్లా?" అని లోపలి నుంచి కేకేశాడు.

వసారాలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. సుదీప్‌కు తల కొట్టేసినట్టయింది. మామ బయటికి రాగానే లోపలికి పోయి, డబ్బా మూత విప్పి, సెన్సర్ వైర్లు పీకి, ఒకదానికొకటి మెలిపెట్టి కలిపేశాడు. ఇక డబ్బా దేన్నీ చూడదు. నీళ్లు వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా, కుళాయి తిప్పితే చాలు చిన్నది వెలుగుతుంది, కట్టేస్తే పెద్దది కాగుతుంది. చుట్టాలందరూ కమ్మగా స్నానాలు చేశారు. పాపన్న మామ కూడా మెచ్చుకున్నాడు. సాయంత్రం వైర్లు విప్పుదాం అనుకున్నాడు సుదీప్. సాయంత్రం భోజనాలు వచ్చాయి, విస్తళ్లు వచ్చాయి, చుట్టాలను బస్సెక్కించడం వచ్చింది. మనుషులు మర్చిపోయే పనులు ఇలాంటివే. చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టే ఎప్పుడైనా చెయ్యొచ్చు అనిపిస్తాయి.

రాత్రంతా పెద్ద ట్యాంకు కాగింది. తెల్లారకముందే కరెంటు పోయింది. కనుచూపు మేర సోలార్ పలకలున్నా అరసికెరెలో కరెంటు పోతుంది, దానికి ఎవరూ ఆశ్చర్యపోరు. ట్యాంకులో కాగిన నీళ్లున్నాయి కదా అని ఈరక్క పీట వేసుకుంది. ఎర్రది ఇంత, నీలం ఇంత తిప్పి, మొదటి నీళ్లు తన కాళ్ల మీద పోసుకుంది. ఆగింది. సరిగ్గా ఉన్నాయి. ఆశాను బోర్లా పడుకోబెట్టి వీపు మీద పోయడం మొదలుపెట్టింది.

సుదీప్‌కు ఆ రోజు సెలవు. హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మూలనున్న ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. కరెంటు వచ్చిందని సంతోషించి, ఫోను చార్జింగులో పెట్టడానికి లేచాడు. అప్పుడు వినిపించింది ఏడుపు. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. అడుగు తీసి అడుగు వెయ్యకముందే అతడికి మొత్తం అర్థమైపోయింది. కరెంటు వచ్చింది, చిన్నది వెలిగింది, కాగిన నీళ్లు మళ్లీ కాగాయి.

ఈరక్క పైపు విసిరేసి బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. నేత్రావతి మంచం మీంచి దూకినట్టే దిగింది. బోరమ్మ చన్నీళ్లు, తడిగుడ్డ అంటూ పరిగెత్తింది. సుదీప్ మాత్రం మొదట పాప దగ్గరికి పోలేదు, బాత్రూంలోకి పోయాడు. స్విచ్ ఆపడానికే పోయానని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. స్విచ్ ఆపడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తుండగా అతడు డబ్బా మూత విప్పి, మెలిపెట్టిన వైర్లు విడదీసి, సెన్సర్‌ను దాని చోట బిగించి, మూత వేసి, ఆ తర్వాత బండి తీశాడు.

పావగడలో డాక్టరమ్మ చూసి పైపైనే కాలిందంది. వీపు మీద, తొడ మీద చర్మం ఎర్రబడి బొబ్బలు లేచాయి. మందు రాయండి, మచ్చ కూడా మిగలకపోవచ్చు అంది. నేత్రావతి అప్పుడు ఏడ్చింది. సుదీప్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తనదేనా అనిపించి తీసేశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఈరక్క పెరటి మెట్టు మీద అలాగే కూర్చునుంది. తడిచీర ఒంటి మీదే ఆరిపోయింది. ఏమీ తిన్నట్టు లేదు. పక్కింటి కరియమ్మ గోడ దాటి వచ్చి నిలబడింది.

"ఎంత తిప్పినావో చెప్పు ఈరక్కా" అంది బోరమ్మ.

"దినామూ తిప్పినంతే తిప్పినా."

"ఒరే సుదీపా, నీ మిషన్‌ది ఏమన్నా తప్పుండాదేమో సూడు."

ఇక్కడ చెప్పి ఉండవచ్చు. ఉందమ్మా, తప్పు నాది అనడానికి కరియమ్మ గోడ దాటినంత సేపు కూడా పట్టదు. తిడతారు, నేత్రావతి నాలుగు రోజులు మాట్లాడదు, అంతటితో పోతుంది. సుదీప్ అలా అనలేదు. ఎర్రది ఎంత తిప్పినావో చూపించవ్వా అన్నాడు. ఈరక్క చూపించింది. అంతే తిప్పి, నీళ్లు వదిలాడు. డబ్బా ఇప్పుడు తన పని తాను చేస్తోంది. నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. బోరమ్మ చెయ్యి పెట్టింది. కరియమ్మ చెయ్యి పెట్టింది. అందరికన్నా ఎక్కువసేపు ఈరక్క చెయ్యి పెట్టి నిలబడింది.

"బాగానే ఉండాయే" అంది, అదేదో తన నేరమైనట్టు.

"మొన్న నువ్వే చెప్తివి గదా, షుగరు వచ్చినప్పటి నుంచి కాళ్లు తిమ్మిరి పట్టినట్టు ఉంటాండాయని" అంది బోరమ్మ.

"అవును, చెప్తి."

"నీ మోచేయి తగిలి ఎర్రది ఇంకా తిరిగింటాది. నీ కాళ్లు మొద్దుబారినాయి, నీకు తెలీలేదు. పసిబిడ్డకు తెలిసినాది."

ఈరక్క తన కాళ్ల వైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. పేరు పెట్టిన రోజున ఆమెకు పెట్టిన చీర కూడా అక్కడే బల్ల మీద ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె రాలేదు. ఎవరూ పిలవనూ లేదు. కరియమ్మ కూతురు భూమికకు నెలలు నిండాయి. కాన్పయ్యాక నీళ్లు పోయడానికి ఈరక్కకు ముందే తాంబూలం ఇచ్చి చెప్పుకున్నారు. ఇప్పుడు కరియమ్మ పోయి, వద్దులే అక్కా, మేమే చూసుకుంటాం అని చెప్పి వచ్చింది. వచ్చి, గోడ మీంచి సుదీప్‌ను పిలిచింది.

"మా ఇంట్లో కూడా నీ మాదిరే రెండు గీజర్లు పెట్టియ్యప్పా. ముసిలోళ్ల కాళ్లను నమ్ముకునే కాలం కాదు ఇది."

సుదీప్ సరే పిన్నీ అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా అతడి చేత నిజం చెప్పించలేకపోయింది. డ్యూటీలో ఇన్వర్టర్ల వరసల మధ్య నడుస్తూ మాటలు కూర్చుకునేవాడు. అమ్మా, ఆ రోజు ఏమైందంటే అని మొదలుపెట్టేవాడు. గేటు దాటి ఇంటికొస్తే ఆ మాటలు ఎక్కడికో పోయేవి. తప్పు ఒప్పుకోవడం ఒకటైతే సరిపెట్టుకునేవాడేమో. ఇప్పుడు రెండున్నాయి. వైర్లు కలపడం ఒకటి, అందరి ముందూ నీళ్లు తిప్పి చూపించడం ఇంకొకటి. మొదటిది పొరపాటు. రెండోదానికి పేరేం పెట్టాలో అతడికి తెలుసు, అందుకే నోరు పెగల్లేదు.

పాప బొబ్బలు ఆరాయి. కానీ కుళాయి చప్పుడు వింటే చాలు బిక్కమొహం పెట్టి ఏడుపు లంకించుకునేది. నేత్రావతి తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేది.

"ఈరక్కవ్వ అయితే ఎట్లో ఒకట్ల ఊరుకోబెట్టి పోసేది. అత్త అంత మాట అనకుండా ఉండల్సింది. ముసిల్ది ఎంత బాధపడిందో" అంది ఒక రోజు.

చెబుదామని సుదీప్ నోరు తెరిచాడు.

"గీజర్ ఒకతూరి సర్వీసు చెయ్యల్ల" అన్నాడు.

నేత్రావతి అతడి వైపు వింతగా చూసింది. బల్ల మీదున్న చీర తీసి అతడి చేతిలో పెట్టింది. "ఇది అవ్వకు ఇచ్చిరా. మనం పెట్టిన చీర మనింట్లోనే ఉంటే బాగుండదు. రమ్మని కూడా చెప్పు. నేను రమ్మన్యానని చెప్పు."

ఈరక్క ఇల్లు ఊరి చివర, మంగళవాడ దారి పట్టే చోట. సుదీప్ బండి ఆపేసరికి ఆమె గడప మీద కూర్చునుంది. కుడికాలు చాపి ఉంది. మోకాలి కింద నుంచి మడమ దాకా కలబంద గుజ్జు పూసి, పైన పాత గుడ్డ కప్పుకుంది. గుడ్డ పక్కన కనిపిస్తున్న చర్మం పొంగి, నీరు కారుతోంది.

"ఏమైనాది అవ్వా?"

"రాప్పా. పాప ఎట్లుండాది?"

"బాగుండాది. నీ కాలేంది?"

ఈరక్క గుడ్డ అంచు సర్దుకుంది.

"పొయ్యి మీద నీళ్లు కాంచి పోసుకున్యా" అంది. "మీ యమ్మ అనినప్పటి నుంచి అదే ఇచారం. ఈ కాళ్లకు నిజంగానే వేడి తెలీకుండా పోయినాదా, చూస్తామని."

సుదీప్ ఆ కాళ్ల వైపు చూశాడు. బిడ్డగా తనను పడుకోబెట్టిన కాళ్లు అవి.

"తెలిసినాదప్పా. పోసుకునేకొద్దికే భగ్గుమన్యాది. కాళ్లు బాగుండాయి." ఆమె గొంతులో సంతోషం లేదు. "అదే తెలీకుండా పోయింటే బాగుండు. షుగరు వచ్చినాది, కాళ్లు చచ్చినాయి, నా చేతిలో ఏముండాదని ఇన్నాళ్లూ కొంచెం నిబ్బరంగా ఉంటి. ఇప్పుడు అదీ లేదు. కాళ్లకు తెలిసేటప్పుడు నేను ఏం చూస్తా ఉంటి? బిడ్డను కాళ్ల మీద పెట్టుకోని నా మతి యాడ పెట్టుకోనుంటి? ఎంత తలుచుకున్యా జ్ఞాపకం రాలేదు నాయనా."

సుదీప్ గడప కింద నేల మీద కూర్చున్నాడు. చీర గడప మీద పెట్టాడు.

"నీ మతి నీ దగ్గరే ఉండాదవ్వా. తప్పు నాది. ముందు దినం చుట్టాలకని డబ్బాలో వైర్లు కలిపినా. మళ్లా ఇప్పలేదు. నువ్వు చూసినప్పుడు నీళ్లు సరిగ్గానే ఉండాయి. నువ్వు పోస్తా ఉంటే కరెంటు వచ్చినాది. అందుకు కాగినాయి."

ఈరక్కకు వైర్ల సంగతి తెలియదు. కానీ ఆమె అడగాల్సింది అడిగింది.

"అట్లయితే ఆ సాయంత్రం నీళ్లు బాగానే వచ్చినాయే? అందరి ముందర తిప్పి చూపిస్తివే?"

"అప్పటికి ఇప్పేసింటి."

"ఎప్పుడు?"

సుదీప్ నేల వైపు చూశాడు.

"పాప ఏడుస్తా ఉన్నప్పుడు."

ఈరక్క తిట్టి ఉంటే బాగుండునని సుదీప్ అనుకున్నాడు. ఆమె గుడ్డను కాలి మీదికి మెల్లగా లాక్కుంది, అతడికి కనిపించకుండా.

"ఆసుపత్రికి పోదాం పదవ్వా. షుగరున్న కాలు, ఇట్ల పెట్టుకోగూడదు."

"పోదాం. ముందు మీ ఇంటికి పోదాం పద."

లేవడానికి చెయ్యి అందించాడు. ఆమె తలుపు పట్టుకుని లేచింది.

ఇంట్లో బోరమ్మ వక్క కత్తిరిస్తోంది. కరియమ్మ గోడ మీద మోచేతులు ఆనించి భూమిక సంగతులు చెబుతోంది. నేత్రావతి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. ఈరక్క కుంటుతూ వచ్చి పెరటి మెట్టు మీద కూర్చుంది. సుదీప్ నిలబడే చెప్పాడు. చుట్టాలు, సబ్బు, పాపన్న మామ కేకలు, కలిపిన వైర్లు, విప్పడం మర్చిపోవడం, కరెంటు రావడం. చెప్పి ఆగాడు.

బోరమ్మ చేతిలో వక్క అలాగే ఉండిపోయింది. కరియమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పోనీలే. నువ్వేమన్నా కావల్నని చేసినావా? ఏదో మర్చిపోతివి. ఈరక్కా, నేనే తొందరపడి ఒక మాట అంటి, మనసులో పెట్టుకోవద్దు."

అక్కడితో ముగిసిపోయేదే. సుదీప్ కూడా ఒక్క క్షణం అలాగే ముగిసిపోతే బాగుండునని ఆశపడ్డాడు.

"ఎప్పుడు ఇప్పినావో అది కూడా చెప్పు నాయనా" అంది ఈరక్క.

నేత్రావతి తలెత్తింది. సుదీప్ ఆమె మొహం చూసి చెప్పలేక, ఆమె ఒళ్లో ఉన్న పాపను చూస్తూ చెప్పాడు. పాప ఏడుస్తున్నప్పుడు ఎక్కడున్నాడో, చేతిలో ఏముందో చెప్పాడు. బోరమ్మ ఈసారి పోనీలే అనలేదు. కరియమ్మ మోచేతులు గోడ మీంచి దిగిపోయాయి.

నేత్రావతి లేచి వెళ్లి ఆశాను ఈరక్క చేతుల్లో పెట్టింది.

"నీళ్లు పొయ్యవ్వా. మంచిగా నీళ్లు పోసుకోని ఎన్నాళ్లాయనో."

ఈరక్క బిడ్డను గుండెకు ఆనించుకుని, అలవాటుగా రెండు కాళ్లూ చాపింది. గుడ్డ జారి కాలిన కాలు బయటపడింది. ఆ కాలు మీద బిడ్డను పడుకోబెట్టే చోటు లేదు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఈ పొద్దు వద్దు తల్లీ. ఇది ఆరనీ" అంది.

ఆ కాలు ఎందుకలా అయిందో ఈరక్క చెప్పలేదు, నేత్రావతి అడగలేదు. కాలినదని తెలుస్తూనే ఉంది. అత్త ఆ రోజు అన్న మాట, భర్త దాచిన నిజం కలిపి చూసుకుంటే, ఎవరివల్ల కాలిందో కూడా ఆమెకు అర్థమైంది. పీట తెచ్చి ఈరక్క పక్కన వేసుకుని కూర్చుంది. చీర మోకాళ్ల పైకి లాక్కుని, తన కాళ్లు చాపింది.

"నా కాళ్ల మీద పొయ్యవ్వా. నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటా."

ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు సుదీప్ నీళ్లు తిప్పడానికి బాత్రూం వైపు కదిలాడు.

"నువ్వు ముట్టుకోవద్దు" అంది నేత్రావతి, అతడి వైపు చూడకుండానే.

బోరమ్మ వక్క పక్కన పెట్టి, గ్యాస్ మీద నీళ్లు పెట్టడానికి లేచింది.